ఇసుక బస్తా మీద లెన్సు

ఉప్పాడ తీరంలో పక్షుల్ని తీద్దామని పొడవాటి లెన్సు మోసుకుని వెళ్లాను. అలాంటి లెన్సుతో ఊపిరి గట్టిగా పీల్చినా ఫోటో కదిలిపోతుంది. నా ట్రైపాడ్ మాత్రం హైదరాబాద్‌లో మంచం కింద ఏమాత్రం కదలకుండా ఉంది. ఒక ఇంటి ముందు వరసగా పేర్చిన ఇసుక బస్తాలు కనబడితే ఒకటి లాగి, ఒడ్డునున్న పడవ మీద వేసి లెన్సు ఆనించాను.

"బాబుగారూ, అది మా గోడండి," అంటూ ఇంట్లోంచి ఒకావిడ వచ్చింది. పేరు నూకాలమ్మ. సముద్రం ఇంట్లోకి రాకుండా ఆ బస్తాలు తనే నింపి పెట్టుకుందట. సిగ్గుపడి ఎత్తబోయాను.

"ఉండనీయండి. పోటు మధ్యాహ్నానికి గానీ రాదు. ఈలోపు తీసేసుకోండి."

ఒకరి గోడని స్టాండుగా వాడుకున్న ఘనత అలా నాకు దక్కింది.

"దాంట్లో దూరం కనబడుద్దా అండి? అయితే మా పాతిల్లు ఒకటి తీయండి. ఆ ఇంటికి ఫోటో ఒక్కటీ లేదు," అంటూ అలలు విరిగే చోటు చూపించింది.

"అక్కడ నీళ్లే ఉన్నాయి కదమ్మా!"

"తెలుసండి. చోటు అదే కదా, తీయండి."

తీశాను. రవ్వంత కూడా కదల్లేదు. నేను తీసినవాటిలో అంత స్పష్టమైన ఫోటో ఇంకోటి లేదు. అందులో నీళ్లు తప్ప ఏమీ లేవు. కెమెరా వెనకున్న తెరలో ఆవిడ చాలాసేపు చూసింది. ఏదైనా జోకు వేద్దామని నేను నోరు తెరిచేలోపే అంది:

"బాగానే వచ్చింది గానీ, వంటగది పడలేదు బాబుగారూ. కొంచెం ఎడమకి తిప్పండి."

తిప్పి, మళ్లీ తీశాను.