రెండోసారి సూది

బుదై రేవులో ఆల్చిప్పలు ఒలిచే ఆడవాళ్లలో చువాంగ్ యూమే చెయ్యి చాలా చురుకు. తల్లి కడుపులోంచే అంటుకున్న హెపటైటిస్ అరవై రెండేళ్లూ ఆమె ఒంట్లో చప్పుడు చేయకుండా ఉంది. ఆ ఏడు పరీక్షలో కాలేయం మీద నాలుగు సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ కనిపించింది. కాలేయం గట్టిపడిపోయింది, కోత తట్టుకోలేదన్నారు డాక్టర్ లిన్.

గజ్జల్లోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం వెళ్లే దారిలో మందు వదిలి, ఆ దారి మూసేశారు. ఇంటికొచ్చాక నాలుగు రోజులు జ్వరం, వాంతులు. గంజి కూడా లోపల నిలవలేదు.

మూడు వారాలకు మళ్లీ రమ్మన్నారు. ఆ రోజు యూమే రేకుల షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చుని ఆల్చిప్పలు ఒలుస్తోంది.

"ఇవాళ ఆసుపత్రికి కదా వదినా?" అంది ఆడపడుచు ఆఫెంగ్.

"మొదటిది పనిచేస్తే రెండోది ఎందుకే? పనిచేయకపోతే వాళ్ల దగ్గరికి మళ్లీ ఎందుకు?"

"తెలివి మాటలకేం గానీ, భయమేస్తోందని చెప్పు."

యూమే ఇంకో ఆల్చిప్ప అందుకుంది. కత్తి జారి వేలు కోసుకుంది.

అంతలో డాక్టరే ఫోన్ చేశారు. "గడ్డలోకి సూది దింపి కాల్చాలి పిన్నీ. పక్కనే రక్తం పారుతుంటే ఆ వేడి దాంతోపాటే కొట్టుకుపోతుంది. అందుకే ముందు దారి మూశాం. ఆలస్యం చేస్తే గడ్డ రక్తం కోసం కొత్త దారి వెతుక్కుంటుంది."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"చెప్పాను. అప్పుడు మీరు బాబాయిని తిడుతున్నారు, ఆసుపత్రికి రబ్బరు బూట్లతో వచ్చారని."

యూమేకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆఫెంగ్ ఆమె చేతిలోంచి కత్తి లాక్కుని వేలికి గుడ్డ కట్టింది.

మర్నాడు యూమే ఆసుపత్రికి వెళ్లి చేర్చుకోమంది. సూది దింపేటప్పుడు ఆఫెంగ్‌ను లోపలికి రానివ్వలేదు. మత్తు వదిలాక యూమే అడిగిన మొదటి మాట, "మళ్లీ జ్వరం వస్తుందా?"

వచ్చింది, ఒక్కరోజే. నెల తర్వాత తీసిన స్కాన్‌లో గడ్డ పూర్తిగా చచ్చిపోయి, నల్లటి మచ్చలా కనబడింది. మూడు నెలలకోసారి చూపించుకోవాలన్నారు.

ఏడాదిన్నరకు మరోచోట గింజంత మచ్చ తేలింది. ఆఫెంగ్ ముఖం పాలిపోయింది. యూమే మాత్రం ఫోన్ తీసి, "డాక్టరమ్మా, ఈసారి ఎన్నిసార్లు రావాలి?" అని అడిగింది.

"చిన్నదే పిన్నీ, సూది ఒక్కటి చాలు."

"అయితే గురువారం వస్తాను," అంది యూమే.