లాంచీ పరుపులో దూది

1969 వేసవిలో నేను గండిపేట చెరువు మీద ఓవర్సీయరుగా ఉన్నాను. కట్ట మరమ్మతులతో పాటు తనిఖీకి వాడే మోటారు లాంచీ కూడా నా బాధ్యతే. దాని ముందు డెక్కు మీద మనిషి నిడివి పరుపు ఉండేది. పై అధికారుల అతిథులు దాని మీద పడుకుని ఎండ కాచుకునేవారు. మేము ఎండ పరుపు అనేవాళ్లం.

ఆ ఏడు దాని రెగ్జిన్ పగిలి, కుట్లు విడిపోయాయి. పై ఇంజనీరు వచ్చేలోగా బాగు చేయించమని ఉత్తరువు వచ్చింది. మొయినాబాదులో పరుపులు కుట్టే ఇమాం సాబును పిలిపించాను. విప్పితే లోపల బూరుగు దూది నలిగి పొడి అయి ఉంది. కొత్తది కావాలంటే పట్నం నుంచి రావాలి. ప్రత్యేక తెలంగాణ ఆందోళనతో అక్కడ రోజూ బందులు, బస్సులు లేవు. మామూలు పత్తి నింపమన్నాను.

"పత్తి నీళ్లు తాగుతది సారూ. బూరుగు తాగది. బందులైపోయేదాంక జర ఆగుండ్రి," అన్నాడు.

అప్పటికి నీ గడ్డం తెల్లబడుతుందన్నాను.

"అది ఎప్పుడో తెల్లబడ్డది. ఇంక పది దినాలకేమైతది?"

ఆయన వాన సంగతి చెబుతున్నాడనుకున్నాను. వానకు తగిన ఏర్పాట్లన్నీ చేశాను. కుట్ల మీద మైనం రుద్దించాను. తాడుతో బిగించే కాన్వాసు కవరు కుట్టించాను. చెమ్మకు బూజు పట్టకుండా గాలి ఆడాలని పరుపు అంచుల్లో ఇత్తడి రింగులతో కన్నాలు పెట్టించాను. పని చక్కగా వచ్చింది.

లాంచీ నడిపే యాకోబుది చేవెళ్ల. బస్సులు లేక ఆ వారమంతా ఊళ్లోనే ఉండిపోయి, చివరికి అడిగి తెచ్చుకున్న సైకిలు మీద వచ్చాడు. పరుపును అరచేత్తో నొక్కి చూశాడు.

"దీని మీద పండేటోళ్లు ఏం పున్నెం చేస్కున్నరో," అని నవ్వి, "లోపటి దూది గూడ మార్చిండ్రా సారూ?" అన్నాడు.

అంతా కొత్తదే అన్నాను. ఏ దూదో నేను చెప్పలేదు.

మరునాడు ఉదయం యాకోబు, మెకానిక్ నర్సింగు, నేను లాంచీని నడిపి చూడడానికి బయలుదేరాం. చెరువు నడుమ నాచు లాంచీ అడుగున తిరిగే పంకాకు చుట్టుకుని ఇంజను ఆగింది. యాకోబు కత్తి పట్టుకుని దిగాడు. నాచు కోస్తుండగా కాలు పట్టేసింది. గాలికి లాంచీ ఆయన నుంచి దూరంగా జరగసాగింది. మా ఇద్దరికీ ఈత రాదు. నర్సింగు రెండుసార్లు తాడు విసిరాడు. అందలేదు.

"పరుపెయ్యి," అన్నాడు యాకోబు.

నర్సింగు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కవరు లాగి పరుపును నీళ్లలోకి తోశాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. యాకోబు రెండు చేతులూ దాని మీద వేసి, "దొరికింది," అన్నాడు. కొంతసేపు అది ఆయనను మోసింది. తరువాత ఇత్తడి కన్నాల నుంచి బుడగలు వచ్చాయి. ఒక మూల నీళ్లలోకి దిగింది. యాకోబు మా వైపు చూడలేదు, ఆ మూలనే చూస్తున్నాడు. పరుపు, మనిషి ఒకేసారి కనబడకుండా పోయారు. నేను తాడు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. గంట తరువాత పుట్టి మీద వచ్చిన జాలరులు ఆయనను పైకి తీశారు.

మునిగేవారికి విసరడానికి లాంచీకి ఇచ్చిన రబ్బరు చక్రాలు ఎప్పుడో చీలిపోయాయట. అప్పటి నుంచి నీళ్లలో పడ్డవారికి ఆ పరుపే వేస్తున్నారట. బూరుగు దూది తేలుతుంది. "ఇద్దరు బతికిండ్రు సారూ దాని మీద. మీకు గూడ ఎరికే అనుకున్నం," అన్నాడు నర్సింగు. నేను అక్కడికి వచ్చి అప్పటికి రెండేళ్లు.

పత్తి సంగతి విచారణలో నేనే రాసి ఇచ్చాను. కాలు పట్టేసినందువల్ల మరణం అని ముగించారు. చేవెళ్లలో సమాధి దగ్గర యాకోబు భార్య గొంతు పెంచకుండానే అన్నది: "దినాం మీతోనే ఉండె కద సారూ. ఒక్క మాట అడుగుతే చెప్తుండె."

ఆ తరువాత ఉద్యోగం చేసినంత కాలం, ఏ వస్తువునైనా మార్చే ముందు, రోజూ దానిని ముట్టుకునే మనిషిని పిలిచి దానితో ఏమేమి చేస్తాడో అడిగాను. రిజిస్టరులో రాయని పని ఒకటి దాదాపు ప్రతిసారీ బయటపడేది.