అక్క గదికి తగిన లైటు

మా వీధి మలుపులో బట్టలు కుట్టే ఆయన్ని అందరమూ కత్తెర బాబాయి అనేవాళ్ళం. పెళ్ళి చేసుకోలేదు. తల్లి పోయాక తనను పెంచి పెద్ద చేసిన అక్కతో, కొట్టు వెనక రెండు గదుల్లో ఉండేవాడు. తల నెరిసినా అక్కకి ఆయన చిన్నోడే.

అక్కకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అప్పటినుంచి మంచమే ఆమెకు లోకం. మంచం పక్కన కిటికీ, కిటికీ గట్టు మీద బిగోనియా పూలమొక్కల కుండీలు. కుడిచేతికి అందినంతవరకు ఎండుటాకులు గిల్లేది, అందనివాటిని తిట్టేది. "ఆ మూలది వట్టి మొండిఘటం, అచ్చం నీ పోలికే" అని తమ్ముణ్ణి కూడా వాటిలో కలిపేది.

ఇంతలో పక్క ఖాళీ స్థలంలో మేడ లేచింది. కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ. పట్టపగలే దీపం వేసుకోవలసి వచ్చింది. మొక్కల కాడలు వెలుతురు వెతుక్కుంటూ సన్నగా సాగాయి, ఆకులు పాలిపోయి రాలాయి. అక్క తిట్టడం మానేసింది. బాబాయికి దిగులు పట్టుకుంది అక్కడే.

"పారెయ్‌రా చిన్నోడా. వాటికీ విసుగొచ్చేసింది" అందొకరోజు, గోడవైపు చూస్తూ.

మర్నాడు ఆయన కరెంటు సామాను కొట్టుకు వెళ్ళి, మొక్కల కోసమే చేస్తారని కొట్టతను చెప్పిన ఊదా గులాబీ రంగు ట్యూబులైటు తెచ్చి, పాత దీపం తీసేసి ఆ చోట బిగించాడు. కొన్నాళ్ళకు చిగుళ్ళు కనిపించాయి. బాబాయి కాలు నిలవక, కుడుతున్న జుబ్బా వదిలేసి మరీ వచ్చి చూసుకునేవాడు. అక్క మాత్రం, సాయంత్రం ఆయన అన్నం తినిపించడానికి కూర్చోగానే లైటు ఆర్పెయ్యమనేది. చీకట్లో తినిపించలేక ఆయన ఓరోజు విసుక్కున్నాడు.

"నీకోసమే కదక్కా తెచ్చింది! ఏం నచ్చలేదు నీకు?"

ఆమె నోరు ఒక పక్కకి లాగుతుంటే మాట కూడదీసుకుంది.

"దాని కింద నీ మొహం నీ మొహంలా లేదురా. అమ్మ పోయినరోజు అమ్మ మొహం అలాగే ఉంది. నా చెయ్యీ అలాగే కనిపిస్తోంది."

బాబాయి తన అరచేతిని లైటు కింద పెట్టి చూసుకున్నాడు. రెండోచేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

మళ్ళీ కొట్టుకు వెళ్ళాడు, ఈసారి ఒక కుండీ చంకన పెట్టుకుని. ఉన్న ట్యూబులన్నీ ఒక్కొక్కటే వెలిగించమని, ఒకవైపు ఆకు, ఇంకోవైపు తన చెయ్యి ఉంచి పరీక్షించాడు. తెల్లటి ట్యూబు కింద ఆకు కళకళలాడింది, చర్మం నీలం తిరిగింది. పసుపు కలిసిన ట్యూబు కింద చెయ్యి ప్రాణమున్న చెయ్యిలా ఉంది గానీ ఆకు మసకబారింది. కొట్టతనికి ఓపిక నశించింది.

"ఇంతకీ లైటు మొక్కలకా, మనుషులకా?"

"ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు బాబూ."

అతను ఒక తెల్లదీ ఒక పసుపుదీ పక్కపక్కన పెట్టి వెలిగించాడు. "ఇలా కలిపితే ఇద్దరికీ పనికొస్తుంది. మొక్కలకి మరీ ఎత్తులో పెట్టకండి, వెలుతురు అందదు. రాత్రి ఆర్పెయ్యండి, వాటికీ నిద్ర కావాలి."

ఆ సాయంత్రం లైట్లు గొలుసులతో కిందికి వేలాడదీసి బాబాయి మంచం పక్కన కూర్చున్నాడు. అక్క ఆయన మొహంలోకి తేరిపార చూసింది.

"ఇంత చిక్కిపోయావేంరా? అసలు తింటున్నావా?"

కొన్ని మొక్కలు కోలుకోలేదు. మిగిలినవి ఎర్రగా పూశాయి. అక్క ఆ తర్వాతి వానాకాలం దాకా బతికింది. ఒక ఉదయం ఆయన ఆమె తల దువ్వుతుండగా, ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

ఆ తర్వాత బాబాయి ఆ గదిలోకి వెళ్ళలేదు. లైట్లు వెయ్యలేదు. అక్కని చూడటానికి వస్తుండే పైవాటా నర్సమ్మ తలుపు తోసి చూస్తే, మొక్కలు వేలాడిపోయి ఉన్నాయి.

"బాబాయ్, అవేం పాపం చేశాయి? ఒకసారి లైటు వెయ్యండి."

ఆయన వెళ్ళి స్విచ్ వేశాడు. ఖాళీ మంచం, దిండు మీద నెరిసిన వెంట్రుక, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా కనిపించాయి. అప్పటిదాకా కంటతడి పెట్టనివాడు, మంచంపట్టె పట్టుకుని భోరుమన్నాడు. నర్సమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి కుండీలకు పోసింది.

ఆరోజు కొట్టు తెరవలేదు. మర్నాడు తెరిచాడు.