కరెంటు పోయినప్పుడు చెప్పిన తోట

మధ్యాహ్నం పూట కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయేటప్పుడు ఒక చప్పుడు వస్తుంది. రెక్కలు విడివిడిగా కనబడడం మొదలై, గొంతు తగ్గించుకుంటూ పోయి, చివర్లో ఒక్కసారి కీచుమని ఊరుకుంటుంది. వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే జరుగుతుంది కాబట్టి ఊరంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. నూజివీడులో నా కంప్యూటర్ల రిపేరు కొట్టుకి ఇన్వర్టరు ఉంది గానీ, మామిడికాయల రోజుల్లో దాన్ని కావాలనే కట్టేసి ఉంచుతాను. ఆ నిశ్శబ్దం రాగానే నా గొంతు దానంతట అదే సవరించుకుంటుంది. పక్కనే ఎవరో కూర్చుని, "ఊఁ, ఎంతదాకా వెళ్ళావు?" అని అడిగినట్టుంటుంది.

అలా అడిగిన మనిషి భ్రమరాంబ గారు. మీలో ఎవరూ ఆవిడని చూసి ఉండరు. నా మాటల్లో సగం కొట్టేసి వినాలని మా ఆవిడ చుట్టాలందరికీ చెప్పిపెట్టింది, అందులో అన్యాయమేమీ లేదు. పెసరట్టు తిన్న సంగతి చెప్పినా అందులో ఒక పాముని దూర్చకుండా ఉండలేను. భ్రమరాంబ గారి విషయం వచ్చేసరికి మాత్రం నాకు ఏమీ కలపబుద్ధి కాదు.

బస్టాండు నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో ఆవిడ ఇంటి ముందుగది మా చిన్నప్పుడు వీడియో గేమ్స్ షాపు. రెండు టీవీలు, రెండు ఆట యంత్రాలు, ఒక ట్రంకుపెట్టె నిండా క్యాసెట్లు, ఆవిడ కూర్చునే ఇనప స్టూలు. భర్త పోయాక కుట్టుమిషను పెట్టుకోమని చుట్టాలంతా సలహా ఇస్తే ఈ షాపు పెట్టారు. ఎందుకని ఎవరైనా అడిగితే, "మిషను పెడితే జాకెట్టు ముక్కలొస్తాయి. ఇది పెడితే పిల్లలొస్తారు" అనేవారు. మేమంతా ఆవిడని పిన్నిగారూ అనేవాళ్ళం.

ఆ యంత్రాలకి జ్ఞాపకం అనేది లేదు. కరెంటు పోయిందంటే ఎంత దూరం వెళ్ళిన ఆటైనా మొదటికి వచ్చేసేది. ఎండాకాలంలో కరెంటు రోజూ పోయేది. వేరే షాపుల్లో అయితే నీ ఖర్మ అని బయటికి తోసేవాళ్ళు. పిన్నిగారి దగ్గర పద్ధతి వేరు. తలుపు దగ్గరగా వేసి ఉన్న ఆ చీకటి గదిలో, ఆట పోగొట్టుకున్నవాడు తను ఎంతదాకా వెళ్ళాడో, అక్కడ ఏం చూశాడో చెప్పాలి. మిగిలినవాళ్ళు గోడకి చేరబడి వినాలి. బాగా చెబితే కరెంటు వచ్చాక వాడికి మళ్ళీ మొదటినుంచీ ఆడే అవకాశం. ఆవిడ మధ్యమధ్యలో ప్రశ్నలు వేసేవారు. ఆ ప్రశ్నల దగ్గరే చాలామంది బోల్తా పడేవారు.

ఒకసారి నేను చూడని కోట గురించి చెబుతున్నాను. "కోట ముందు కాలవండి. దూకేశానండి" అన్నాను.

"నీళ్ళు పారుతున్నాయా, నిలవున్నాయా?"

"పారుతున్నాయండి. మధ్యలో ఒక చెప్పు కొట్టుకుపోతోందండి."

"ఎవరి చెప్పురా?"

"కోట కాపలావాడిదండి. అందుకే వాడు నన్ను తరమలేకపోయాడు."

చీకట్లో అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వారు గానీ, నేను వెళ్ళేటప్పుడు పిలిచి, "నువ్వు చెప్పింది ఉందా లేదా అని నేను అడగను సూరీ. కానీ చూసి చెప్పు. కళ్ళతో చూడకపోతే బుర్రతోనైనా చూసి చెప్పు. ఆ చెప్పు నువ్వు చూశావు, నాకు తెలిసింది. కాలవ మాత్రం చూడలేదు, నోటికొచ్చింది అనేశావు" అన్నారు. అప్పటిదాకా నా గొప్పలకి తిట్లూ తన్నులూ దొరికాయి. అందులో ఏ ముక్క బాగుందో, ఏ ముక్క పొల్లో విడదీసి చెప్పినవాళ్ళు లేరు.

క్యాసెట్లలో ఒకదాని మీద కాగితం ఊడిపోయింది. దాన్ని బుడ్డోడి ఆట అనేవాళ్ళం. పసుపు చొక్కా వేసుకున్న పొట్టి మనిషి గోడలు దూకుతూ కోటలన్నీ దాటుకుంటూ పోతాడు. చివరి కోట మా ఊళ్ళో ఎవరూ దాటలేదు. ఒక మధ్యాహ్నం నేను దాని గుమ్మం దాకా వెళ్ళిన క్షణాన కరెంటు పోయింది. పోయినందుకు ఏడుపు రావాలి. నాకు మాత్రం ఎవరూ చూడని చోటు దొరికిందని సంబరం వేసింది.

"చివరి కోట దాటేశానండి. వెనక తలుపు తీస్తే తోట ఉందండి" అన్నాను.

"ఏం తోట?"

"మామిడితోటండి."

గోపి అని మా వీధివాడే ఒకడు ఉండేవాడు. నా కోతలంటే వాడికి ఒళ్ళు మంట. "ఎక్కడో పరాయిదేశం వాడు చేసిన ఆటలో మామిడితోటేంట్రా" అన్నాడు.

"చెప్పనీరా," అన్నారు పిన్నిగారు. "ఏం చెట్లు?"

"చిన్న రసాలండి. ముసలి చెట్లు. కొమ్మలు నేలకి ఆనుకుని ఉన్నాయండి. అక్కడ బుడ్డోడు దూకక్కర్లేదు. ఎవరూ తరమరు. ఊరికే నడవడమే."

"మరి కాయలెవరు కోస్తారు?"

"ఎవరూ కోయరండి."

ఆవిడ గొంతు బాగా తగ్గించి, "చెట్లు కొట్టేవాళ్ళు లేరా?" అన్నారు. అది ఆవిడ మామూలుగా అడిగే రకం ప్రశ్న కాదు.

"లేరండి. అక్కడికి గొడ్డలి పోదండి" అన్నాను.

అంతలో కరెంటు వచ్చేసింది. గోపి లేచి నిలబడ్డాడు. "చూపించు. ఇప్పుడే ఆడి చూపించు. లేకపోతే రేపట్నుంచి నీ మాట ఎవడూ వినడు" అన్నాడు. అందరూ నా వైపు తిరిగారు. అబద్ధాలు చెప్పేవాడికి మాట వినేవాళ్ళు లేకపోవడం కంటే పెద్ద శిక్ష లేదు. పిన్నిగారు స్టూలు మీదనుంచి లేచి ప్లగ్గు పీకేశారు. "టీవీ వేడెక్కిపోయింది. ఇవాళ్టికి చాలు, ఇళ్ళకి పొండి" అన్నారు. గంటసేపు కరెంటు లేక చల్లబడి ఉన్న టీవీ ఎలా వేడెక్కిందని గోపి కూడా అడగలేకపోయాడు.

నేను గుమ్మం దిగుతుంటే, "సూరీ, ఆ తోట నువ్వు నాకు చూపించాలి" అన్నారు.

"ఎప్పుడండి?"

"నీకు చేతనైనప్పుడు."

ఆ వారమే రెడ్డిగూడెంలో ఆవిడ పుట్టింటి మామిడితోట కొట్టించేశారట. అన్నదమ్ములు ఆయిల్‌పామ్ వేద్దామనుకున్నారు. ఆవిడని అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత మా అమ్మ మాటల్లో తెలిసింది. అప్పుడు మాత్రం నాకు తెలిసిందల్లా, ఆ మర్నాటి నుంచి పిన్నిగారు పాడైపోయిన జాయ్‌స్టిక్కులు తెచ్చి నా ముందు పడేయడం మొదలుపెట్టారని. "విప్పి చూడు. కరవదు" అనేవారు. ఒకటి విప్పి మళ్ళీ బిగించలేక నేను దిక్కులు చూస్తుంటే, ఆవిడ కోప్పడకుండా ఇంకొకటి ఇచ్చారు. నా బతుకుతెరువు ఆ గదిలో, ఆ స్టూలు పక్కన నేలమీద మొదలైంది.

ఇళ్ళల్లోకి కంప్యూటర్లు, చేతుల్లోకి ఫోన్లు వచ్చాక షాపు మూతపడింది. ఆవిడ పెద్దవారై, బాపులపాడులో మేనకోడలు ఉష ఇంటికి వెళ్ళిపోయారు. నేను పండగకో పబ్బానికో వెళ్ళి చూసి వచ్చేవాణ్ణి.

కొన్నేళ్ళ క్రితం అరచేతిలో పట్టే ఆట యంత్రం ఒకటి కొన్నాను. పాత యంత్రాల వేషం కట్టి, వాటి ఆటలన్నీ ఆడించే ప్రోగ్రాములు అందులో ఉంటాయి. వాటిని ఎమ్యులేటర్లు అంటారు. మా చిన్నప్పటి ట్రంకుపెట్టె మొత్తం గోరంత కార్డులో పట్టేసింది. దాన్ని వెలిగిస్తే ముందు కనబడేది మాత్రం చీమల బారుల్లాంటి ఇంగ్లీషు అక్షరాల జాబితా. అలా ముందు కనబడి, ఏ ఆట కావాలో ఎంచుకోనిచ్చే భాగాన్ని ఫ్రంట్ ఎండ్ అంటారు. ఇల్లు ఎంత బాగున్నా వాకిలి అలా ఉంటే ఎవరు లోపలికి వస్తారని, ఆ వాకిలి ఒక్కటీ నేను కొత్తగా రాసుకుందామనుకున్నాను. పిన్నిగారికి చూపిద్దామని యంత్రం పట్టుకుని బాపులపాడు వెళ్ళాను.

ఆవిడ దాన్ని ముఖానికి దగ్గరగా పెట్టుకుని, తల పక్కకి తిప్పి చూసి, నా చేతిలో పెట్టేశారు. "కంట్లో ప్రెషరంటరా. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. ఆ గొట్టం కూడా సన్నబడిపోతోంది" అన్నారు. పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమని డాక్టరు చెప్పాడని ఉష అంది.

"ఆ తోట చూపిస్తానన్నావు. చూపు ఉండగానే చూపించరాదూ" అన్నారు పిన్నిగారు.

"పిన్నిగారూ, ఆ ఆటలో..." అని నసిగాను.

"ఆటలో లేదని నాకప్పుడే తెలుసు. నేను ఆట అడగలేదు, తోట అడిగాను."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులోనే నిర్ణయించుకున్నాను, నా వాకిలి మామిడితోట కావాలని. కార్డులో ఉన్న ఒక్కో ఆట ఒక్కో చెట్టు. బుడ్డోడిలాంటి ఒక పొట్టి మనిషి తోటలో నడుస్తాడు. చెట్టు కింద ఆగి బటన్ నొక్కితే ఆ ఆట తెరుచుకుంటుంది. నా సంగతి తెలిసిందేగా, ఒక చోట ఆగలేను. చిలకలు పెట్టాను, మబ్బులు పెట్టాను, ప్రతి కొమ్మకీ గుత్తులు వేలాడదీశాను, ఒక మూల నెమలి కూడా ఆడుతుంది. చూసినవాళ్ళంతా అద్భుతం అన్నారు. పిన్నిగారు కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు వెతికారు.

"ఏదో అల్లిబిల్లిగా ఉందిరా. చెట్టేదీ?"

"మధ్యలోదండి."

"నీడ ఎటు పడింది?"

నీడ వేయలేదు. నెమలిని వేసినవాడికి నీడ గుర్తు రాలేదు. చిన్నప్పటి కాలవ లాగే, ఇదీ చూడకుండా వేసేశాను.

ఇంటికొచ్చి అన్నీ తీసేశాను. తీసేస్తుంటే ప్రాణం ఉసూరుమంది గానీ తీసేశాను. తెర మీద ఒక్కసారికి ఒక్కటే చెట్టు. వెలుతురు ముందు నల్లగా మాను, దాని పక్కన నేలమీద నీడ. కదిలేదైతే కాస్త తెలుస్తోందని ఆవిడ అన్నందుకు ఆకులు మెల్లగా ఊగేలా చేశాను. ఆ చవక యంత్రం ఆకుల్ని ఊపలేక ఆయాసపడేది. దాన్ని దారికి తేవడానికే చాలాకాలం పట్టింది. అంతలో గొట్టం ఇంకెంత సన్నబడిపోతుందోనని కొట్టులో ఏ పని చేస్తున్నా అదే బెంగ. ఏ చెట్టు దగ్గర వదిలితే తిరిగి వచ్చేసరికి ఆ చెట్టు దగ్గరే ఉండేలా కూడా రాశాను, ఆవిడ దారి తప్పకుండా.

రెండోసారి ఇచ్చినప్పుడు ఆవిడ ఏమీ అడగలేదు. బొటనవేలితో నొక్కుకుంటూ ఒక చెట్టు, మళ్ళీ ఒక చెట్టు, అలా తోటలో నడిచారు. ఒక్క ఆట కూడా తెరవలేదు. ఉష కాఫీ తెచ్చి పక్కన పెట్టింది, అది చల్లారిపోయింది. ఒక ముసలి చెట్టు దగ్గర ఆవిడ వేలు ఆగింది.

"కొట్టలేదు" అన్నారు.

"లేదండి."

"మా నాన్న తోటలో గట్టు పక్కన ఇలాంటిదే ఉండేది. ఇక్కడ నాకో స్టూలు వెయ్యరా. నిలబడి ఎంతసేపని చూస్తాను."

అప్పటి షాపులో ఉండే ఇనప స్టూలుని గుర్తు తెచ్చుకుని, కాస్త వంకరపోయిన దాని కాలుతో సహా గీశాను. అది పట్టుకుని నేను వెళ్ళేసరికి ఆ సన్నని గొట్టం కూడా మూసుకుపోయింది. ఆవిడ మంచం మీద కూర్చుని, యంత్రాన్ని చేతుల్లోకి తీసుకుని తడిమి, తిరిగి నాకే ఇచ్చారు.

"కరెంటు పోయిందిరా సూరీ" అన్నారు. "చెప్పు. ఎంతదాకా వెళ్ళావు?"

నేను గొంతు సవరించుకున్నాను. స్టూలు చెట్టుకి కుడివైపు ఉందని చెప్పాను. నీడ ఎడమకి పడిందని చెప్పాను. ఆకులు ఊగుతున్నాయని, స్టూలు కాలు ఒకటి వంకరని, దాని మీద ఎవరూ కూర్చోలేదని చెప్పాను. ఆవిడ ఒక్కొక్కటీ అడుగుతూ పోయారు. ఒక చిలకని వాలుద్దామని నా నాలుక ఎంత దురదపెట్టినా, తెరమీద లేనిది ఒక్కటి కూడా చెప్పలేదు. అంతా అయ్యాక, "బాగా చెప్పావు. ఇంక చూడ్డం నా వంతు" అని మంచం మీద వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆ వానాకాలం వెళ్ళకుండానే పోయారు.

ఆ ప్రోగ్రాముని అందరికీ ఉచితంగా వదిలేశాను. ఎక్కడెక్కడివాళ్ళో వాడుకుంటున్నారు. తరచూ ఒకే ఫిర్యాదు వస్తుంది: చెట్టు కింద స్టూలు ఉంది, నొక్కితే ఏ ఆటా తెరుచుకోవడం లేదు, సరిచేయండి అని. నేను ఊరుకుంటానా. దాని కింద ఎవరికీ దొరకని ఆట దాగి ఉందని ఒకాయనకి చెప్పాను, పాపం ఇంకా నొక్కుతూనే ఉన్నాడు. తోటమాలి భోజనానికి వెళ్ళాడు, రాగానే తీసేస్తాడని ఇంకొకాయనకి రాశాను. అసలు సంగతి ఇప్పుడు మీకే చెబుతున్నాను. స్టూలుని మాత్రం తీయలేదు, తీయను.

ఇవాళ కూడా మధ్యాహ్నం ఫ్యాను ఆగిపోయింది. షట్టరు సగం దించి, ఆ యంత్రం వెలిగించి, స్టూలున్న చెట్టు దాకా నడిచి అక్కడ ఆగాను. నీడ ఎటు పడిందని పిన్నిగారు అడుగుతారు. చూసి చెబుతాను.