బావ బండి ఆపలేదు

మా బావ అద్దాలు కోస్తాడు. కిటికీకైనా, బీరువాకైనా, ఫోటో ఫ్రేముకైనా మా పేటలో అందరూ ఆయన కొట్టుకే వస్తారు. బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద అద్దాన్ని పడుకోబెట్టి, కోసే పెన్నును కిరసనాయిల్లో ముంచి ఒకే ఒక్క గీత గీస్తాడు. తర్వాత గీతకు అటొక బొటనవేలు, ఇటొక బొటనవేలు ఆనించి మెల్లగా వంచుతాడు. టక్కుమని అద్దం రెండవుతుంది. ఇన్నేళ్లుగా చూస్తున్నా నాకు అదంటే ముచ్చటే. మనిషి మాత్రం మొండిఘటం. మా అక్కను చేసుకున్న రోజు నుంచి నా మాట ఒక్కటీ వినలేదు. నేనూ ఆయన మాట విన్నది లేదు కాబట్టి చెల్లుకు చెల్లు.

ఈ ఏడాది కొట్టులో అద్దాలు పగలడం ఎక్కువైంది. మోస్తుంటే ఎడమచేతిలోంచి జారిపోయేవి. అక్క అడిగితే చెమట అనేవాడు. ధ్యాస ఎక్కడ పెట్టి పనిచేస్తున్నారని ఆవిడ నిలదీసేది, నీ నోటికి జడిసే చెయ్యి వణుకుతోందని ఈయన తిప్పికొట్టేవాడు. మొగుడూ పెళ్లాల మధ్య నేను దూరడమెందుకని నవ్వి ఊరుకున్నాను.

ఏటా వానలు తగ్గాక ముగ్గురం మోటారు సైకిళ్ల మీద కొండలకు పోతాం. బావ, ఆయనతో చిన్నప్పుడు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్న కండక్టరు, నేను. కండక్టరు బస్సు దిగినా బస్సు ఆయన్ను వదల్లేదు. ఎక్కణ్ణుంచి బయల్దేరినా "రైట్ రైట్" అనాల్సిందే. నాది జిరాక్సు కొట్టు. ఏడాది పొడుగునా మిషనుకు కాగితాలు మేపే నాకు ఆ నాలుగు రోజుల కొండగాలే పెద్ద పండగ.

ఈసారి బావ వాలకమే వేరుగా ఉంది. దారిలో ఆగనంటాడు. లోయ నిండా మబ్బు పేరుకుని, అవతలి కొండ మీద మాత్రం ఎండ కాస్తుంటే ఫోటో తీసుకుందామని కండక్టరు బండి పక్కకు తీశాడు. బావ చూడనట్టే వెళ్లిపోయాడు. టీ కొట్టు వస్తే దాని ముందు ఆపడు. ఎక్కడో వాలు వెతుక్కుని, బండిని పల్లం వైపు తిప్పి నిలబెట్టి, అక్కణ్ణుంచి నడిచొస్తాడు. పల్లం కనబడితేగాని నీకు టీ దిగదా అని ఏడిపించాను. ఇంజను వేడెక్కిందని ఏదో గొణిగాడు. బస చేసిన గదిలో చొక్కా గుండీలు కుడిచేత్తో ఒక్కొక్కటీ తంటాలు పడి పెట్టుకుంటుంటే చూశాను కూడా. చలికి వేళ్లు కొంకర్లు పోయాయనుకున్నాను.

మూడో రోజు అన్నిటికన్నా నిటారు కనుమ ఎక్కుతున్నాం. ముందు కండక్టరు, వెనక బావ, ఆఖర్న నేను. ఒక గుడ్డి మలుపులో కంకర మీద కండక్టరు బండి జారి అడ్డంగా పడింది. ఆయన కాలు దాని కింద ఇరుక్కుంది. పైనుంచి దిగుతున్న లారీ హారను వినబడుతోంది. బావ ఆయనకు నాలుగు బారల దూరంలో ఉన్నాడు. "ఒరే, కాలు!" అని కండక్టరు అరిచాడు. బావ ఆయన మొహంలోకి చూశాడు. పక్కనుంచి తప్పించుకుని పైకి వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నా బండి అక్కడే పడేసి పరుగెత్తాను. కండక్టరు బండి ఎత్తబోతే నా ఒక్కడి వల్ల కాలేదు. లారీ చప్పుడు దగ్గరవుతోంది. బావను తిడుతూ, ఏడుస్తూ, భుజం ఆనించి కాస్త లేపాను. కండక్టరు కాలు లాక్కుని కొండవారకు దొర్లాడు. లారీ మలుపు తిరిగి, కీచుమంటూ పడి ఉన్న బండికి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు మంచివాడు. చీలమండ విరిగినట్టుందని చూసి, కింద ఊళ్లో ఆసుపత్రికి తనే తీసుకెళ్తానన్నాడు. ఇద్దరం పట్టుకుని లారీ ఎక్కిస్తుంటే కండక్టరు నొప్పి సంగతి ఎత్తలేదు.

"వాడు నన్ను చూశాడ్రా," అన్నాడు. "చూసి మరీ వెళ్లాడు."

లారీ కదిలాక కండక్టరు బండిని రోడ్డు వారకు నెట్టి, బావ కోసం నా బండి మీద పైకి వెళ్లాను. దొరికితే నాలుగు తగిలించాలన్నంత కోపం. రెండు మలుపుల పైన ఆయనే ఎదురొచ్చాడు, కాలినడకన, పరుగెత్తుకుంటూ. మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. బండిని కొండకేసి పడేసి దిగాడట. వాడికెలా ఉందని అడిగాడు. నేను బండి దిగి ఆయన కాలరు పట్టుకున్నాను. అక్క మొగుడన్న సంగతి కూడా గుర్తులేదు. ఆయన విడిపించుకోలేదు. తన ఎడమచెయ్యి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"గట్టిగా నొక్కుతున్నా. తెలుస్తోందా?"

ఏమీ తెలియలేదు. బొటనవేలి కింద కండ ఉండాల్సిన చోట గుంట పడి ఉంది.

"క్లచ్చు పట్టలేనురా. పల్లంలో దొర్లించుకుని గేరు వేసుకుంటూ వచ్చా. ఈ ఎక్కుడులో ఆగితే మళ్లీ కదల్లేను."

"కదలకపోతే మానె. అక్కడ మనిషి చచ్చేవాడు."

"ఆగగలిగేవాణ్ణే," అన్నాడు. "ఆగితే మీకు తెలిసిపోతుందని ఆగలేదు."

అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. నాకు వెంటనే జాలి కలగలేదు, అబద్ధమెందుకు. కండక్టరు మొహమే కళ్లముందుంది. ఏడుపు మధ్యలో ఆయనే చెప్పుకొచ్చాడు. నరాలు ఎండిపోయే జబ్బట. ఇద్దరు డాక్టర్లూ మందు లేదన్నారట. అక్కకు తెలియనివ్వలేదు. ఈ ఒక్కసారి అందరిలా కొండెక్కి దిగితే చాలనుకున్నాడట. వింటూ వింటూ నా కోపం ఎటు పోయిందో పోయింది.

నా బండికి తాళం వేసి, ఇద్దరం పైకి నడిచి ఆయన బండి లేపాను. వెనక కూర్చో, నేను నడుపుతానన్నాను. కిందిదాకా నన్ను నడపనీ, తర్వాత బండి తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో అన్నాడు. వెనక కూర్చుని, ఆయన చంక కిందుగా నా ఎడమచెయ్యి చాపి క్లచ్చు పట్టుకున్నాను. ఆయన ఊఁ అంటే నేను నొక్కాలి, మళ్లీ ఊఁ అంటే వదలాలి. మొదట్లో ఇంజను ఆగిపోయింది, తిట్టుకున్నాం, తర్వాత కుదిరింది.

కుదిరేసరికి నాకు ధైర్యం వచ్చి వాగుడు మొదలుపెట్టాను. పోయింది ఎడమచెయ్యే కదా, కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది కదా అన్నాను. జిరాక్సు మిషను తెచ్చి నీ కొట్లోనే పెడతాను, రెండో చెయ్యి నేనవుతానన్నాను. కండక్టరు కాళ్లు ఇద్దరం పట్టుకుందాం, అక్కకు ఇద్దరం కలిసి చెబుదామన్నాను. బావ గేరు మార్చడానికి మాత్రం ఊఁ అంటున్నాడు.

వాలు ఎక్కువైంది. కాలి బ్రేకు తొక్కీ తొక్కీ వెనక చక్రం దగ్గర కాలిన వాసన వస్తోంది. మలుపు దగ్గరపడుతున్నా బండి వేగం తగ్గడం లేదు. అంచున సున్నం కొట్టిన రాళ్లు, వాటి అవతల ఖాళీ.

"బావా, ముందు చక్రం బ్రేకు పట్టు."

"పట్టుకునే ఉన్నాన్రా."

భుజం మీంచి తొంగిచూశాను. కుడిచేతి వేళ్లు నాలుగూ బ్రేకు మీదే ఉన్నాయి. బ్రేకు మాత్రం కదల్లేదు. నా కుడిచెయ్యి కూడా ముందుకు చాపి, ఆయన వేళ్ల మీద నా వేళ్లు వేసి నొక్కాను. బండి రాళ్ల దగ్గర ఆగింది. ఇంజను ఆగిపోయింది. బ్రేకు మీంచి ఆయన వేళ్లు తీశాను, ఈ చేతిలోనూ పట్టు లేదు.

"మీ అక్కకి ఎడమచేతి సంగతి ఒక్కటే చెబుదాంరా," అన్నాడు.

సరేనన్నాను.