గుట్ట చుట్టూ తీగ

మా ఊరి గుట్టను కాపాడింది మేమే. ఆ మాట ఎవరైనా మెచ్చుకోలుగా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎనభైల మొదట్లో దుబాయ్ దగ్గర రాస్ అల్ ఖైమాలో కంకర క్వారీలో పనిచేసేవాణ్ణి. క్యాంపులో మా ఊరివాళ్లమే ఇరవై మందిమి. పొద్దంతా కొండను పేల్చి పిండి చేయడం, సాయంత్రం ముక్కుల్లోంచి ఆ పిండిని కడుక్కోవడం. అలాంటప్పుడు ఊరినుంచి కబురొచ్చింది. దొర తన గుట్టనూ దాని కింది బీడునూ కంకర కాంట్రాక్టరుకు అమ్ముతున్నాడట. మా అక్క మేకలకు ఆ బీడే మేత. బావ పోయాక ఆమెకున్న ఆధారం ఆ మేకలే. నా వీసా కోసం అందులో సగం మందను ముందే అమ్మేసింది.

మా ఫోర్‌మన్‌ది కూడా మా ఊరే. అందరం మామా అని పిలిచేవాళ్లం. శుక్రవారం నాడు మమ్మల్ని మెస్సులో కూర్చోబెట్టాడు.

"చందా అంటే ఒక్క నెల ఇస్తరు, రెండో నెల మొఖం చాటేస్తరు. గందుకే బకాలాల మనోడు ఏది కొన్నా, చాయ్ గానీ సబ్బు గానీ, పది ఫిల్సు మీదికెల్లి డబ్బాల ఎయ్యాలె. ఆ పైసలతోని గుట్ట మనమే కొందాం. సై అన్నోళ్లు చెయ్యి లేపుండ్రి."

అందరికంటే ముందు లేచిన చెయ్యి నాది. సిగరెట్లు ఎక్కువ కాల్చేవాడొకడు గొణిగాడు గానీ వాడూ లేపాడు. మామ "ఖలాస్" అన్నాడు. మెస్సు గుమ్మంలో నిలబడి చూస్తున్న, క్యాంపు బకాలా కొట్టు నడిపే మలబారీ ఆయన గల్లా పక్కన పాలపొడి డబ్బా పెట్టాడు.

రెండేళ్లకు గుట్ట, బీడుతో సహా, ఊరి కమిటీ పేరున రిజిస్టరైంది. ఇక దాన్ని కాపాడటం ఎలా అని మళ్లీ కూర్చున్నాం. కంపెనీలో కాపాడటమంటే మేం చూసింది ఒక్కటే, చుట్టూ ముళ్లతీగ, గేటు దగ్గర వాచ్‌మన్. అదే రాసి పంపాం. దానికీ నేను చెయ్యి లేపాను. లోపలికి ఎవరు రావచ్చని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. మేకల ఇంట్లో పుట్టినవాణ్ణి, నేనూ అడగలేదు. నా బుద్ధికి ఏం రోగం వచ్చిందో!

సెలవుకు వెళ్లొచ్చినవాడి చేత అక్క క్యాసెట్ పంపింది. ఆమెకు రాయడం రాదు, ఎప్పుడూ మాటలే నింపి పంపేది. వెనకాల మేకల అరుపులు కూడా వచ్చేవి.

"తమ్మీ, మంచిగున్నవా? గుట్ట సుట్టూత తీగ కట్టిండ్రు. మేకలను తోల్కపోతె వాచ్‌మన్ కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు. నిన్నెవలు పెట్టిండ్రురా అంటె, దుబాయ్ పోరగాండ్లు అన్నడు. మా తమ్ముడు గూడ అండ్లనే ఉన్నడని చెప్పిన. నవ్విండు. నువ్వు మామతోని ఒక్క మాట చెప్పు, తమ్మీ."

ఆ శుక్రవారమే చెప్పాను. మామ తల అడ్డంగా ఊపాడు. "మేకలు వడ్డ జాగల చెట్టు మొలుస్తదా? గుట్ట బతకాల్నా, వద్దా?"

"తాతల కాన్నుంచి మేకలు మేసినయ్, గుట్ట సావలే. దొర అమ్మవోతెనే గద దానికి సావొచ్చింది!" అని అరిచాను.

"ఒక్కింటి కోసం రూల్ మారది. మేకలను రానియ్యాలన్నోళ్లు చెయ్యి లేపుండ్రి."

నా చెయ్యి ఒక్కటే లేచింది. నా పక్క మంచం వాడు తల దించుకున్నాడు. చిన్నప్పుడు వాడు తాగింది మా మేకపాలే. వాళ్లందరి మీదా ఉమ్మేయాలనిపించింది.

మూడు నెలలకు ఇంకో క్యాసెట్ వచ్చింది. మంచిగున్నవా తమ్మీ అని అడిగింది, ఆరోగ్యం జాగ్రత్త అంది. మేకల మాట ఎత్తలేదు. టేపు చివరిదాకా విన్నాను, వెనకాల ఒక్క అరుపూ లేదు.

లేచి బకాలాకు పోయి చాయ్ తీసుకున్నాను. వాచ్‌మన్ జీతం కోసం డబ్బా ఇంకా నడుస్తూనే ఉంది. పది ఫిల్సు వేయనన్నాను. మలబారీ ఆయన వింతగా చూశాడు.

"పెహలే హాథ్ తో తుమ్ ఉఠాయా నా, భాయ్?" మొదట చెయ్యి లేపింది నువ్వే కదా అని.

వేశాను.