సినిమావాళ్ళ టీవీకి చుక్కలు పడవు

పాత సినిమాల్లో టీవీని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బంగళాలో మెట్ల పక్కన కొయ్య తలుపుల పెట్టె, నెత్తిన లేసు గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలు. ఇంటాయన పైపు కాలుస్తూ వచ్చి మీట నొక్కడమే ఆలస్యం, వార్తలు చదివే అమ్మాయి సరిగ్గా ఆయన కొడుకు సంగతే ఎత్తుకుంటుంది, దేశంలో ఇంకే వార్తా లేనట్టు. అది కాగానే ఆయన టీవీ కట్టేస్తాడు. వాతావరణం వినడు, మాలా తోటలుంటే కదా. బొమ్మ అద్దంలా ఉంటుంది. ఒక్క చుక్క పడదు, ఒక్క గీత పాకదు. కొన్నిటికి వెనక వైరే కనపడదు. ఆ సినిమాలు తీసినవాళ్ళు టీవీని షాపులో చూసి ఉంటారు గానీ ఇంట్లో పెట్టుకుని ఉండరు.

మొన్న అలాంటిదే ఒకటి వస్తుంటే నూజివీడులో మా ఇంట్లో అమ్మా నేనూ చూస్తున్నాం. తెర మీద బంగళావాళ్ళంతా, కోడళ్ళతో సహా, సోఫాల్లో కూర్చుని టీవీ చూస్తున్నారు. అమ్మ వాళ్ళందర్నీ ఓసారి పరకాయించింది.

"ఆడోళ్ళంతా ఇక్కడే ఉన్నారే. మరి యాంటెనా దగ్గర ఎవరున్నట్టు?" అంది.

మా యాంటెనా దగ్గర ఎప్పుడూ అమ్మే ఉండేది. అప్పట్లో మా కాపురం తోటలోనే. పెరట్లో యాంటెనా పైపు, దాన్ని ఆనుకుని చిన్నరసం మామిడి చెట్టు. గాలి వీస్తే కొమ్మ తగిలి బొమ్మ పోయేది. కొమ్మ కొట్టేస్తే సరిపోయేది. కానీ నాన్న పూత మీదే తోటను ఓ షావుకారుకి గుత్తకిచ్చేవారు. ఇచ్చాక కోతలయ్యేదాకా చెట్టు షావుకారుది, ఆకు తుంచాలన్నా ఆయన్ని అడగాలి. కోతలయ్యాక చూద్దామనేవారు నాన్న. కోతలయ్యాక, కాపు చెట్టు మీద కత్తెందుకనేవారు. అందుకని వారానికొక్క సినిమా వచ్చే పూట అమ్మ కాయలు కోసే దోటి తగిలించి, ఆ కొమ్మను పక్కకు లాగి పట్టుకుని పెరట్లో నిలబడేది.

షావుకారు మాత్రం సినిమా వేళకు ఠంచనుగా దిగి పడక్కుర్చీలో కూర్చునేవాడు. నాన్న "బొమ్మ పోయింది" అని కేకేస్తే ఆయన కిటికీ వైపు తిరిగి, "మెల్లగా లాగమ్మా, పిందె రాలిపోద్ది" అనేవాడు. మహా పెద్దమనిషి.

మొన్న మేం చూసిన ఈ సినిమాయే అప్పట్లో ఒక వారం వచ్చింది. అమ్మ ముందురోజే నాన్నతో, "ఇదొక్కటన్నా నన్ను కూర్చుని చూడనివ్వండి" అంది. నాన్న సరేనన్నారు. పేర్లు పడి కాసేపయ్యిందో లేదో గాలి లేచింది. షావుకారు అమ్మ వైపు చూశాడు. నాన్న కూడా చూశారు. అమ్మ లేచి వెళ్ళి దోటి అందుకుంది.

మొన్న అందులో కోర్టు సీను వచ్చింది. తెర మీద మాట సగంలో ఉండగానే అమ్మ మిగతాది అందిస్తోంది.

"నువ్వు చూడనేలేదుగా?" అన్నాను.

"కిటికీలోంచి వినపడేదిగా."

అంతలో ఓ మగగొంతు ఏడుస్తూ ఆ ఇంటావిడతో, నిన్ను మనిషిగా చూడలేదు, నన్ను క్షమించమంది. అమ్మ ఆ మాటలు కూడా అప్పజెప్పి, తెర వైపు వంగి ఆగిపోయింది.

"ఇది అన్నది కొడుకా? ఇన్నేళ్ళూ మొగుడనుకున్నాను" అంది.